జీపుకి హీరో వేషం వేసే ముందు...

తెలుగు సినిమాలో జీపు ఎక్కని హీరో వున్నాడా? పోలీసు ఇన్‌స్పెక్టరయితే జీపు. ఫారెస్టు ఆఫీసరయితే జీపు. పట్నంలో చదువు పూర్తిచేసి ఎస్టేటుకి తిరిగొచ్చే చినబాబయితే మరీనూ... దుమ్ము రేపుకుంటూ వచ్చి, హీరోయిన్ గారి నీళ్లబిందె పక్కన సడన్ బ్రేకు వేసి ఆగాల్సిందే! విలన్ ముఠాకి మాత్రం తక్కువా? వెనకాల ఆరుగురు వేలాడుతూ వుండే జీపు లేకపోతే వాళ్లని ముఠా అని ఎవరనుకుంటారు?

కెమెరాకి జీపంటే ఎందుకంత మక్కువో ఎప్పుడైనా ఆలోచించారా? టాపు పీకేయొచ్చు. తలుపులుండవు. ముందు అద్దాన్ని మడిచి బానెట్ మీద పడుకోబెట్టొచ్చు. అంటే హీరోగారి మొహానికీ లెన్సుకీ మధ్య అడ్డమంటూ ఏమీ వుండదు. ఇంత సౌకర్యం ఏ కారిస్తుంది చెప్పండి?

1969లో వచ్చిన హిందీ ‘ఆరాధన’లో డార్జిలింగ్ బొమ్మ రైలు పక్కన జీపు మీద సాగే పాట ఎవరు మరిచిపోగలరు? కానీ ఆ పాటలో రెండు విశేషాలున్నాయి. హీరో రాజేష్ ఖన్నా హాయిగా పాడుకుంటూ వుంటే, బండి తోలే మనిషి పక్కనున్న స్నేహితుడు సుజిత్ కుమార్! రెండోది... ఆ రైలు కిటికీలో మురిసిపోతున్న షర్మిలా ఠాగూర్ షాట్లు విడిగా స్టూడియోలో తీసి అతికినవి. హీరో ఎవరిని చూసి పాడాడో ఆ రైల్లో ఆవిడ లేనే లేదు!

వెండితెర మీద ఇలాంటివి చెల్లుతాయి. వెనకాల తెర మీద రోడ్డు బొమ్మ పరిగెడుతుంటే, కదలని జీపుని ఇద్దరు కుర్రాళ్లు కింద నుంచి కుదిపితే చాలు, అరవై మైళ్ల వేగం వచ్చేస్తుంది. కానీ అనంతగిరి ఘాటులో అలా కాదు తమ్ముడూ. అక్కడ మలుపు నిజం. లోయ నిజం. రీటేకు లేదు.

ఈ ఉపోద్ఘాతమంతా ఎందుకంటారా? ఈమధ్య ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న తరచూ కనిపిస్తోంది. “పాత జీపు చౌకగా వస్తోంది. కొని, బాగుచేసి, సినిమా జీపులా తయారుచేద్దామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?” అని. ఒకరిద్దరు ఫోటోలు కూడా పంపారు. ఫోటోలో బండి కంటే కుర్రాడి నవ్వే పెద్దదిగా వుంది!

నా సలహా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. బండిని ముందు ఆగేలా చెయ్యండి. తరవాత తిరిగేలా చెయ్యండి. ఆ తరవాతే పరిగెత్తేలా చెయ్యండి. అందంగా కనిపించే సంగతి ఆఖర్న. మన కుర్రాళ్లలో ఎక్కువమంది ఈ వరసని తలకిందులు చేస్తారు. నా బాధంతా అదే.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మా అక్కయ్య కొడుకు మొన్నీమధ్య ఇదే పని మొదలెట్టాడు. ఏజెన్సీలో చాకిరీ చేసి చేసి అలసిపోయిన మహీంద్రా ఎం.ఎం. 540 ఒకటి బేరానికొచ్చింది. డబ్బు ఎవరిదనుకున్నారు? మా అక్కయ్య చీటీ పాడి తెచ్చినది. అందుకని నన్ను కూడా రమ్మంది. “బండి సంగతి నాకు తెలీదురా, వాణ్ణి మాత్రం నువ్వు చూసుకో” అంది. ఇంత బరువైన మాట విన్నాక వెళ్లకుండా ఎలా వుంటాను?

వంశవృక్షం కాస్త తెలుసుకోండి

జీపు యుద్ధంలో పుట్టిన బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకి పైగా చేశాయి. యుద్ధం అయిపోయాక మిగిలిన బళ్లని అమ్మేశారు. మన పెద్దవాళ్లు ‘డిస్పోజల్ జీపు’ అనే మాట అక్కణ్ణించే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలెట్టారు. 1953లో విల్లీస్ తెచ్చిన సి.జె. 3-బి అనే మోడలు మన దేశంలో కుదురుకుంది. ఇంజను ఎత్తు పెరిగింది గనక దాని బానెట్ కూడా ఎత్తు పెంచారు. పాత సినిమాల్లో మీరు చూసే ఎత్తు ముక్కు జీపు అదే. అమెరికాలో 1968తో ఆ మోడలు ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ వంశం ఇంకా దశాబ్దాలపాటు సాగింది.

పెట్రోలు ధర పెరిగేసరికి డీజిలు ఇంజన్లు వచ్చాయి. ఎం.ఎం. 540లో వుండేది ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ లైసెన్సుతో తయారైన 2,112 సి.సి. డీజిలు. పరుగు పందెం గుర్రం కాదది, కాడి మోసే ఎద్దు. మెల్లగా పోతుంది కానీ మొరాయించదు. ఇవి కాక మిలటరీ వేలంలో వచ్చే జబల్పూరు జోంగాలు, 1985 చివర్లో బయల్దేరిన మారుతీ జిప్సీలు కూడా వున్నాయి. జోంగా గొప్ప బండే గానీ 1999తో దాని తయారీ ఆగిపోయింది. సామాన్లు వెతకడంలోనే మీ యవ్వనం కరిగిపోతుంది. కొత్తగా మొదలెట్టేవాళ్లకి మహీంద్రా జీపే మేలు. నట్టు నుంచి గేరు పళ్ల దాకా బెజవాడ ఆటోనగర్‌లోనో, విశాఖ ఆటోనగర్‌లోనో దొరుకుతుంది. విప్పడం, బిగించడం తెలిసిన చేతులూ దొరుకుతాయి.

మేకప్ చూసి మోసపోకండి

అమ్మేవాడు బండికి ముందు రోజే రంగేయిస్తాడు. మా వాడి బేరంలోనూ అదే జరిగింది. తళతళలాడుతున్న ఆకుపచ్చ రంగు! మావాడు అప్పటికే సగం మనసిచ్చేశాడు. నేను జేబులోంచి ఒక చిన్న అయస్కాంతం తీసి బాడీ మీద అక్కడక్కడా ఆనించాను. కొన్ని చోట్ల టక్కున అంటుకుంది. కొన్ని చోట్ల జారి కింద పడింది. జారిన చోటల్లా రంగు కింద ఇనుము లేదు, లప్పం వుందన్న మాట! అమ్మేవాడు ఆకాశం వంక చూశాడు. ధర మాత్రం నేల వంక చూసింది.

బాడీ రేకు తినేసినా ఫరవాలేదు, కొత్త రేకు కొట్టించుకోవచ్చు. అసలు చూడాల్సింది చాసిస్. బండి కింద దూరి, చాసిస్ పొడుగునా చిన్న సుత్తితో తట్టుకుంటూ పొండి. ఖంగుమంటే మంచిది. డప్‌మంటే లోపల తుప్పు కాపురం పెట్టినట్టే. బురద చేరి ఎండని మూలల్లో, కమాన్ కట్టలు బిగించే చోట్ల, బాడీ బోల్టుల దగ్గరా మరీ జాగ్రత్తగా వినాలి. చాసిస్‌కి ఇదివరకు వెల్డింగు అతుకులుంటే ఎందుకు వేశారో అడగండి. జవాబు నచ్చకపోతే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇంక కాగితాలు! ఇది చాలా ముఖ్యం. పాత పెట్రోలు జీపులకి రైతులూ, సర్వీసు నడిపేవాళ్లూ డీజిలు ఇంజన్లు దింపుకున్నారు. బండేమో డీజిలు తాగుతుంది, ఆర్.సి. బుక్కులో మాత్రం పెట్రోలనే వుంటుంది! ఆ బండి కొంటే మీరు కొన్నది జీపు కాదు, పేచీ. చాసిస్ మీద కొట్టిన నంబరూ, ఇంజను నంబరూ, బుక్కులో నంబరూ... మూడూ కళ్లారా చూసి సరిపోల్చండి. సొంత బండి రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. ఆ తరవాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పొడిగించని బండయితే ఆ ఖర్చూ, పాత బకాయిలూ ఎవరు భరించాలో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.

ఇంకో లెక్క. బండి కొన్న ధర ఎంతో, దాన్ని నమ్మకంగా రోడ్డెక్కించడానికి కనీసం అంతా పక్కన పెట్టుకోండి. చేతిలో వున్నదంతా కొనడానికే పోస్తే ఆ జీపు షెడ్డులో కోళ్లగూడయి కూచుంటుంది. నేను అలాంటివి చూశాను.

అసలు కథ ఆటోనగర్‌లో

మావాడు బండి కొన్న మర్నాడే ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. ముప్ఫై మూడు అంగుళాల టైర్లు, ముందు లావుపాటి క్రాష్ గార్డు, నెత్తి మీద ఆరు లైట్లు. “మావయ్యా, ముందు ఇవి బిగించేస్తే ఓ పనైపోతుంది. మిగతావి తీరిగ్గా చూసుకుందాం. వచ్చే ఆదివారం ఫ్రెండ్సుతో అరకు వెళ్లాలి” అన్నాడు.

ఆటోనగర్‌లో మా మేస్త్రీకి డెబ్భై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. ఆయన బొమ్మ కేసి చూడలేదు. చక్రాలు విప్పి, బండి కింద పడుకుని, ఐదు నిమిషాల తరవాత ఒక సన్నటి గొట్టం పట్టుకుని లేచాడు. వెనక చక్రాలకి బ్రేకు ఆయిలు మోసుకెళ్లే ఇనప పైపు అది. క్లాంపు కింద, పైకి కనిపించని చోట, తుప్పు తిని కాగితంలా అయిపోయింది. వేళ్ల మధ్య పెట్టి వంచాడు. పుటుక్కున విరిగింది.

మావాడి మొహంలో రంగు మారింది.

“బాబూ, ఇంజను ఆగిపోతే బండి ఆగిపోద్ది. బ్రేకు ఆగిపోతే బండి ఆగదు. నువ్వే సెప్పు, ముందు ఏది సూద్దాం?” అన్నాడు మేస్త్రీ.

ఏ డైలాగు రైటరూ ఇంత బాగా రాయలేడనిపించింది నాకు! ఆ ఆదివారం అరకు ప్రయాణం ఆగిపోయింది. బొమ్మ మడత పెట్టి జేబులోకి వెళ్లింది.

అక్కణ్ణించి మేస్త్రీ వరస ఇది. మీరూ రాసి పెట్టుకోండి.

మొదట బ్రేకులు. పైపులూ, రబ్బరు గొట్టాలూ, వీల్ సిలిండర్లూ, లైనింగులూ అన్నీ కొత్తవి. పాత కాలపు జీపుల్లో చాలావాటికి మాస్టర్ సిలిండరులో ఒకటే దారి వుండేది. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోయేది. రెండు దారులున్న సిలిండరు వేయించుకుంటే ఒక జత పోయినా రెండో జత ఆదుకుంటుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరితే 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తియ్యకుండా వుంటే ఆ వేడి రావడం ఎంతసేపు? మరిగిన ఆయిలులో ఆవిరి పుడుతుంది, పెడలు మెత్తగా కిందకి పోతుంది... ఇంక చెప్పక్కర్లేదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిలు మార్చాలి. ఏ గేరులో కొండ ఎక్కామో ఆ గేరులోనే దిగాలని డ్రైవర్లు చెప్పే మాట వేదవాక్కు.

రెండోది స్టీరింగు. ఇంజను ఆపి స్టీరింగుని అటూ ఇటూ తిప్పండి. ముందు చక్రం కదలకముందే మీ చెయ్యి జానెడు తిరిగొస్తే అది స్టీరింగు కాదు, ఉత్తుత్తి సెట్టు ప్రాపర్టీ. స్టీరింగ్ బాక్సూ, కింగ్ పిన్నులూ, టై రాడ్ ఎండ్లూ చూడాలి.

మూడోది కమాన్ కట్టలు, వాటి బుష్షులు. నాలుగోది వైరింగు. పాత జీపుల్లో ఒక్కో యజమాని ఒక్కో వైరు కలుపుకుంటూ పోయి వుంటాడు. అదంతా పీకి, ఫ్యూజులతో, లైట్లకి రిలేలతో కొత్తగా వేయించడం మేలు. జీపు తగలబడే సీను సినిమాలో చూస్తేనే బాగుంటుంది. ఐదోది రేడియేటరు. కొండ మీద ఇంజను ఉడుకెత్తడానికి సగం కారణం లోపల పేరుకున్న ఉప్పు.

ఇవన్నీ అయ్యాకే ఇంజనూ, గేర్లూ, రంగూ.

ఇప్పుడు ముస్తాబు

నేనేమీ సరదాలకి శత్రువుని కాను. మార్పులు చెయ్యొద్దనడం లేదు. పనికొచ్చే మార్పులు చెయ్యండంటున్నాను.

ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, బొలెరో తరహా పవర్ స్టీరింగు... ఈ రెండూ డబ్బుకి తగ్గ మార్పులు. జీపు వాగు దాటి వచ్చిందనుకోండి, డ్రమ్ముల్లో నీళ్లు చేరి బ్రేకు జారుతుంది. కాసేపు పెడలు మీద కాలు ఆనించి మెల్లగా నడిపి ఆరబెట్టాలి. డిస్కులైతే తొందరగా ఆరిపోతాయి. గట్టి సీట్లు, సీటు బెల్టులు, తల పైన బలమైన రోల్ బారు వేయించండి. టాపు లేని బండి బోల్తా పడితే మిమ్మల్ని కాపాడేది ఆ గొట్టమే.

ఇంక పెద్ద టైర్ల సంగతి. చిన్న లెక్క చేద్దాం. జీపుకి కంపెనీ ఇచ్చే 6.00-16 టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. మావాడు కోరింది 33. ఆ టైరు వేస్తే మీటరు 50 చూపిస్తున్నప్పుడు బండి 59 దగ్గర పోతుంటుంది. అదే కాలు, అదే నొక్కుడు... కానీ రోడ్డు దగ్గర బ్రేకు పట్టు సుమారు 15 శాతం తగ్గిపోతుంది. ఇంజను లాగే బలమూ అంతే తగ్గుతుంది. అంటే పెద్ద టైరు వేసి మీరు కొన్నది ఏమిటి? ఎక్కువ వేగం కనిపించని మీటరు, తక్కువ ఆగే బండి, కొండ ఎక్కలేని గేరు! బండి ఎత్తు పెంచడానికి పొడుగు షాకిళ్లు వేస్తే ముందు ఆక్సిల్ కోణం మారి స్టీరింగు నిలకడ తప్పుతుంది. జీపు అసలే ఇరుకు నడుము మనిషి. ఎత్తు పెంచినకొద్దీ మలుపులో తూలుతుంది.

బురద కోసమైతే పెద్ద టైరు అవసరం లేదు. గట్టి పళ్లున్న సరైన సైజు టైరూ, నాలుగు చక్రాల గేరు వాడడం తెలిసిన చెయ్యీ చాలు. ఆ గేరు కూడా బురదలో, ఇసకలో, జారే రాళ్ల మీదే వెయ్యాలి. తారు రోడ్డు మీద వేసుకుని తిరగకూడదు. మలుపులో ముందు చక్రాలు నడిచే దూరం వేరు, వెనక చక్రాలది వేరు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు గనక ఆ మెలి అంతా గేర్ల పళ్ల మీద పడుతుంది. చాలా పాత జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు ఏడవడానికి ఇదో కారణం.

చట్టం కూడా కాస్త వినండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో రాసిన వివరాలకీ, కంపెనీ ఇచ్చిన రూపానికీ భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇంజను మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని, బుక్కులో ఎక్కించుకోవాలి. డిస్కులూ, పవర్ స్టీరింగూ, రోల్ బారూ నేను మెచ్చుకున్నవే అయినా, వేయించే ముందు ఆ ఆఫీసులో ఓ మాట అడిగిరండి. ఇక క్రాష్ గార్డులు వద్దని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. ఆ ఇనప దూలం మీ జీపుకి ఎంత రక్షణో గానీ, ఎదురుగా నడిచే మనిషికి మాత్రం మృత్యువు. అనుమతి లేని మార్పులుంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెట్టడానికి మీరే దారి చూపించినట్టు.

మరి మావాడి జీపు ఏమైందంటారా? పని మూడు నెలలు పట్టింది. వాడు ప్రతి శనివారం మేస్త్రీ పక్కన కూచుని నట్లు కడిగాడు, గ్రీజు పూశాడు. ఇప్పుడు బ్రేకు పెడలు మీద కాలు వేస్తే ఏ పైపులో ఏం జరుగుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. టైర్లు 6.00-16లే! నెత్తి మీద లైట్లు లేవు. మొన్న ఆ జీపు అనంతగిరి మీదుగా అరకు వెళ్లింది. ముందు సీట్లో కూచున్నది ఫ్రెండ్సు కాదు, మా అక్కయ్య. తిరిగొచ్చాక నేనడిగాను, “ఎలా వుందే ప్రయాణం?” అని. “కుదుపులెక్కువరా. కానీ వాడు దిగేటప్పుడు ఒక్కచోటా కంగారు పడలేదు” అంది. ఆవిడ చీటీ డబ్బుకి ఇంతకంటే వడ్డీ ఏం కావాలి?

ఆఖరుగా ఒక్క మాట. మన ఊళ్లలో మోటారు బళ్లు తనిఖీ చేసే ఆఫీసర్ని జనం ఏమని పిలుస్తారు? ‘బ్రేకినస్పెక్టరు’ అని! హారనినస్పెక్టరనీ, టైరినస్పెక్టరనీ అనలేదు చూశారా? బండిలో మొదట చూడాల్సింది ఏమిటో మన తాతలకి తెలుసు. మీరు కొనబోయే జీపుకి మీరే మొదటి బ్రేకినస్పెక్టరు కండి. అది పాసయ్యాక రంగు మీ ఇష్టం... ఎరుపయినా వెయ్యండి, చిలకపచ్చయినా వెయ్యండి!

వచ్చేవారం మరో ముచ్చటతో కలుసుకుందాం. అంతదాకా సెలవు.